తెల్లతల గద్దలూ, రాచెల్ కార్సనూ

రాచెల్ కార్సన్ పేరు వినని సైన్సు విద్యార్థి మన కాలేజీలో వుండకపోవచ్చు. పర్యావరణం పేపర్లో రెండు మార్కుల ప్రశ్నగా ఆమె వస్తుంది. సైలెంట్ స్ప్రింగ్ అనే పుస్తకం రాసింది, డి.డి.టి.ని వ్యతిరేకించింది అని రాస్తే రెండు మార్కులూ పడతాయి. ఆ రెండు మార్కుల వెనకవున్న మనిషి ఎలా బతికింది, ఆమె రాసిన రాతకూ ఆకాశంలో ఎగిరే ఒక గద్దకూ ఏమిటి సంబంధం అన్నది మాత్రం సిలబస్‌లో లేదు. నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో పత్తిగాని, మిరపగాని మందు కొట్టకుండా చేతికి రావడం నేనెప్పుడూ చూడలేదు. పురుగుమందుల మీద పుస్తకం రాసిన మనిషి రైతుకు శత్రువా, కావలసిన మనిషా అన్నది నాకు రెండు మార్కులతో తేలే సంగతి కాదు. అందుకే సావనీరులో ఆమె జీవితం గురించి రాయాలని కూర్చున్నాను.

రాచెల్ లూయిస్ కార్సన్ 1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, అల్లెఘేనీ నది పక్కనున్న స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో జన్మించింది. తండ్రికి 65 ఎకరాల దాకా భూమి వుండేది. 65 ఎకరాలనగానే మనవాళ్ళకు పెద్ద భూస్వామి కళ్ళముందు కనిపిస్తాడు. అది అలాంటి భూమి కాదు. కొంత పళ్ళతోట, మిగిలింది కొండవాలు. ఆయన ఆ నేలను ప్లాట్లుగా కోసి అమ్ముదామనుకున్నాడు గాని అవీ సరిగా అమ్ముడుపోలేదు. ఇంట్లో నీళ్ళ కుళాయి కూడా లేదు. తల్లి మరియా పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. ఆమె తన చివరి సంతానమైన రాచెల్‌ను వెంటబెట్టుకుని తోటంతా తిరుగుతూ పిట్టల పేర్లు, పురుగుల పేర్లు నేర్పింది. అదే ఊళ్ళో ఒక జిగురు ఫ్యాక్టరీ కంపుకొడుతూ వుండేది. తరవాత బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు కూడా వచ్చాయి. పచ్చటి తోట, పక్కనే పొగగొట్టం: రెండూ చూస్తూనే ఆ పిల్ల పెరిగింది. పదకొండో ఏట, అంటే 1918లో, ఒక పిల్లల పత్రికలో ఆమె రాసిన కథ అచ్చయింది. రచయిత్రి కావాలన్నది అప్పటినుంచీ ఆమె కోరిక.

1925లో పిట్స్‌బర్గ్‌లోని ఆడపిల్లల కాలేజీలో చేరింది. చేరింది ఇంగ్లీషు సాహిత్యం కోసమే. అక్కడ మేరీ స్కాట్ స్కింకర్ అనే జీవశాస్త్ర అధ్యాపకురాలి పాఠాలు విని, 1928లో సాహిత్యం వదిలి జీవశాస్త్రానికి మారిపోయింది. ఆ రోజుల్లో ఆడపిల్లకు సైన్సు చదువు అన్నం పెట్టదని చెప్పినవాళ్ళు చాలామంది వుండేవారు. ఫీజులకు తల్లి ఇంట్లోని పింగాణీ సామాను కూడా అమ్మింది. చాలక కాలేజీకి పడిన బాకీకి తండ్రి స్థలంలోని ప్లాట్లను హామీగా రాసి ఇవ్వవలసి వచ్చింది. చదువుకోసం నేల తాకట్టుపెట్టడం ఒక్క మన జిల్లాల్లోనే జరుగుతుందనుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి.

1929లో డిగ్రీ వచ్చింది. ఆ వేసవిలోనే ఉడ్స్‌హోల్ సముద్ర పరిశోధనా కేంద్రంలో మొట్టమొదటిసారి సముద్రం చూసింది. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జువాలజీ ఎం.ఏ. పూర్తిచేసింది. ఆమె థీసిస్ క్యాట్‌ఫిష్ పిండంలో ప్రోనెఫ్రాస్ పెరిగే తీరు మీద. రికార్డులో ఆ బొమ్మ వేసి వేసి విసిగిపోయిన మా బి.జెడ్.సి. మిత్రులు ఆమెను తమ మనిషిగా భావించవచ్చు.

ఆపైన పిహెచ్.డి. చేయాలనుకుంది గాని ఇల్లు చేయనివ్వలేదు. దేశమంతా ఆర్థిక మాంద్యం. 1935లో తండ్రి పోయాడు. 1937లో అక్క చనిపోయి ఇద్దరు ఆడపిల్లల్ని వదిలిపోయింది. తల్లి, ఆ ఇద్దరు పిల్లలు, అందరి భారమూ రాచెల్ మీదే పడింది. ప్రభుత్వ చేపల శాఖలో రేడియోకు చేపల గురించి చిన్న చిన్న ప్రసంగాలు రాసే పని దొరికింది. 1936లో సివిల్ సర్వీస్ పరీక్ష రాసి అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుని అదే శాఖలో జూనియర్ బయాలజిస్టుగా చేరింది. పగలు ఆఫీసు, రాత్రి రాత. 1941లో వచ్చిన మొదటి పుస్తకం యుద్ధం హడావుడిలో ఎవరికీ పట్టలేదు. 1951లో వచ్చిన ది సీ అరౌండ్ అజ్ మాత్రం 86 వారాలు అత్యధికంగా అమ్ముడుపోయే పుస్తకాల జాబితాలో నిలిచింది. దాంతో 1952లో ఉద్యోగం మానేసి, మెయిన్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున చిన్న ఇల్లు కట్టుకుంది. అక్కడితో ఆగివుంటే ఆమె సముద్రాల రచయిత్రిగానే మిగిలేది.

ఇప్పుడు గద్ద దగ్గరకు వద్దాం.

అమెరికావాళ్ళు 1782లో తమ ప్రభుత్వ ముద్రమీద ఒక గద్దను వేసుకున్నారు. దాని పేరు బాల్డ్ ఈగిల్. బాల్డ్ అన్నారు గదా అని బట్టతల గద్ద అనుకోకూడదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు తెల్లని మచ్చ కలది అనే అర్థం వుండేది. తల, తోక తెల్లగా, ఒళ్ళు ముదురు గోధుమరంగుగా వుంటుంది. మన చెరువుల మీద తిరిగే గరుడపక్షికి తల, రొమ్ము తెల్లగా వుంటాయే, దాన్ని చూసినవాళ్ళు కొంత ఊహించుకోవచ్చు. కాని ఇది చాలా పెద్దది, రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది. ప్రధానంగా చేపలు తింటుంది. నదులు, సరస్సులు, సముద్రతీరాల పక్కన ఎత్తయిన చెట్లమీద గూడు కట్టి, ఏటా దానికే పుల్లలు చేరుస్తూ పోతుంది. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. పిల్లకు తల తెల్లబడడానికి ఐదేళ్ళు పడుతుంది. అందాకా ఒళ్ళంతా గోధుమరంగే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

ముద్రమీద పెట్టుకున్నారు గాని పక్షిని బతకనిచ్చారా అంటే లేదు. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుందని రైతులు, సాల్మన్ చేపల్ని తినేస్తుందని జాలరులు తుపాకీలతో కాల్చారు. అలాస్కాలో 1917 నుంచి 1953 దాకా గద్ద కాళ్ళ జత తెచ్చి చూపిస్తే ప్రభుత్వమే డబ్బిచ్చేది. లక్షకు పైగా పక్షులకు అలా డబ్బు చెల్లించారు. 1940లో చట్టం చేసి ఈ గద్దను చంపడం నేరమన్నారు, అందులోంచి కూడా అలాస్కాను మొదట మినహాయించారు. చట్టం వచ్చాక మిగిలిన రాష్ట్రాల్లో గద్దలు పెరగాలి గదా. పెరగలేదు, తగ్గాయి. తుపాకీ కాకుండా ఇంకేదో పనిచేస్తోందన్నమాట.

ఆ ఇంకేదో అప్పటికి ఎవరికీ అనుమానం రాని వస్తువు. డి.డి.టి. పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనిపెట్టాడు. యుద్ధకాలంలో నేపుల్స్ నగరంలో టైఫస్ జ్వరాన్ని ఆపింది, సైనికుల్ని మలేరియా నుంచి కాపాడింది. ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి అన్యాయంగా ఇచ్చారని నేననను. మా తాతయ్య చిన్నతనంలో మలేరియా వాళ్ళు ఇంటింటికీ వచ్చి గోడలకు డి.డి.టి. కొట్టి పోయేవారట. అంతకుముందు మా ఊళ్ళో చలిజ్వరం తగలని ఇల్లు లేదని ఆయన ఇప్పటికీ చెబుతాడు. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, యుద్ధం కాగానే 1945 నుంచి అది అమెరికా బజార్లో పడింది. పత్తికీ అదే, ఆపిల్ తోటకూ అదే, అడవికీ అదే, దోమలకోసం ఊళ్ళమీదా అదే. విమానాల్లోంచి వానలా కురిపించారు.

కార్సన్‌కు ఆ అనుమానం 1945లోనే వచ్చింది. ఆమె పనిచేసే శాఖలోనే డి.డి.టి. పక్షుల మీద, చేపల మీద ఏమి చేస్తుందో పరీక్షలు జరుగుతున్నాయి. దానిమీద వ్యాసం రాస్తానని రీడర్స్ డైజెస్ట్ పత్రికను అడిగింది. వాళ్ళు అక్కరలేదన్నారు. అదే ఏడు అక్టోబరులో ఆమె పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అనే కొండమీదికి వెళ్ళి చలిలో ఒక బండమీద కూర్చుంది. శరదృతువులో ఉత్తరం నుంచి దక్షిణానికి వలసపోయే గద్దలు ఎన్నో ఆ కొండవరస మీదుగా పోతాయి. ఒకప్పుడు వేటగాళ్ళు అక్కడ నిలబడి సరదాకు వందలకొద్దీ గద్దల్ని కాల్చి కుప్పలు వేసేవారు. రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ 1934లో ఆ కొండను కౌలుకు తీసుకుని కాల్పులు ఆపించింది. మారిస్ బ్రౌన్ అనే ఆయన్ను కాపలా పెట్టింది. కాపలాకు వచ్చిన ఆ మనిషి ఏటా దాటిపోయే గద్దల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. ఎందుకు పనికొస్తుందో తెలియకుండానే రాశాడు. ఆ చలిబండమీద కూర్చున్ననాడు కార్సన్‌కూ తెలియదు.

1958 మొదట్లో మాసాచుసెట్స్‌లో వుండే ఒక స్నేహితురాలు ఆమెకు ఉత్తరం రాసింది. దోమలకోసం విమానంతో మందు చల్లారనీ, తన తోటలో పిట్టలు చచ్చిపడ్డాయనీ, దీన్ని ఆపగలవాళ్ళెవరైనా తెలిస్తే చెప్పమనీ ఆ ఉత్తరం సారాంశం. కార్సన్ ఇంకెవరిచేతనైనా రాయించాలని కొంత ప్రయత్నించింది. చివరికి తానే కూర్చుంది. ఇంటి పరిస్థితి చూస్తే రాయగలిగే కాలం కాదది. అంతకు ముందు ఏడే అక్క కూతుళ్ళలో ఒకామె చనిపోతే, ఐదేళ్ళ ఆమె కొడుకును తాను దత్తు తీసుకుంది. ఆ ఏడు డిసెంబరులో తల్లి పోయింది. 1960లో తనకు రొమ్ము కాన్సరు బయటపడింది. ఆపరేషన్ చేసిన డాక్టరు అది కాన్సరని ఆమెకు సరిగా చెప్పనేలేదు. ఆడవాళ్ళకు చెప్పకపోవడమే మర్యాద అనుకునే కాలమది. రేడియేషన్ చికిత్స తీసుకుంటూ, కళ్ళకు, కీళ్ళకు కూడా జబ్బులొచ్చి వారాల తరబడి మంచానపడుతూ నాలుగేళ్ళలో ఆ పుస్తకం పూర్తిచేసింది.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా గట్టిగా తోచినది కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ ఉదంతం. అక్కడ చేపలు పట్టేవాళ్ళకు ముసురుకునే చిన్న దోమలు అడ్డమని 1949లో డి.డి.డి. అనే మందు కలిపారు; డి.డి.టి.కి దగ్గర బంధువు, చేపలకు అంత ప్రమాదం కాదన్న పేరుంది. ఏడు కోట్ల భాగాల నీటికి ఒక భాగం మందు. మళ్ళీ 1954లో, 1957లో కలిపారు. అంత తక్కువ మందు ఎవరినేం చేస్తుంది? నీటిలో పది లక్షలకు 0.02 భాగం. ఆ నీటిలోని ప్లాంక్టన్‌లో 5 భాగాలు. ఆకు తినే చేపల్లో 40 నుంచి 300. చేపల్ని తినే చేపల్లో ఇంకా ఎక్కువ. ఆ చేపల్ని తిన్న గ్రీబ్ అనే నీటిపక్షుల కొవ్వులో 1,600. వెయ్యి జంటల గ్రీబులు వుండే సరస్సులో 30 జంటలు మిగిలాయి, వాటికీ పిల్లల్లేవు. ఈ మందులు నీళ్ళలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఒంట్లోకి వచ్చింది బయటికి పోదు. వడ్డీకి వడ్డీ పెరిగినట్టు మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. చివరి మెట్టుమీద కూర్చున్నవాడు మొత్తం బాకీ కట్టాలి. గద్ద కూర్చునేది ఆ చివరి మెట్టుమీదే.

గద్దల సాక్ష్యం ఇద్దరి దగ్గర దొరికింది. ఒకరు చార్లెస్ బ్రోలీ, కెనడాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అరవయ్యేళ్ళ వయసులో, 1939 నుంచి, ఫ్లోరిడా పడమటి తీరంలో పెద్ద పెద్ద చెట్లెక్కి గద్దపిల్లల కాళ్ళకు గుర్తు ఉంగరాలు తొడిగాడు. పదేళ్ళలో వెయ్యికి పైగా తొడిగాడు. 1947 నుంచి పిల్లలు తగ్గసాగాయి. కొన్ని గూళ్ళలో గుడ్లే లేవు, కొన్నిటిలో వున్నా పొదగలేదు. 1952 నుంచి 1957 దాకా నూటికి 80 గూళ్ళలో పిల్లల్లేవు. 1958లో నూరు మైళ్ళ తీరం తిరిగితే ఉంగరం తొడగడానికి ఒక్క పిల్ల దొరికింది. ఆ మరుసటేడు బ్రోలీ పోయాడు.

రెండో సాక్ష్యం హాక్ మౌంటెన్ లెక్కలపుస్తకం. 1935 నుంచి 1939 వరకు ఆ కొండ దాటిన తెల్లతల గద్దల్లో నూటికి 40 పిల్లలు. గోధుమరంగు తలలను బట్టి దూరం నుంచే తెలిసిపోతాయి. 1955 నుంచి 1959కి వచ్చేసరికి నూటికి 20. ఒక్క 1957లో 32 పెద్ద గద్దలకు ఒకే ఒక పిల్ల. గద్ద ఇరవై, ముప్పై ఏళ్ళు బతుకుతుంది. కాబట్టి తలెత్తి చూసినవాడికి ఆకాశంలో గద్దలు కనిపిస్తూనే వున్నాయి, లోపం ఏమీ కనిపించలేదు. వయసులో వున్నవాళ్ళంతా వలసపోయి అరుగులమీద ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊళ్ళు మనకూ వున్నాయి. దారిన పోయేవాడికి ఆ ఊరు నిండుగానే కనిపిస్తుంది. బడి తలుపులు తెరిచి చూస్తే తెలుస్తుంది. కార్సన్ చేసిన పని అదే, బడి తలుపులు తెరిచి చూపించింది. ఆమె స్వయంగా ప్రయోగాలు చేయలేదని కొందరు తక్కువచేసి మాట్లాడతారు. ఎక్కడెక్కడో ఒకరినొకరు ఎరగని మనుషులు రాసుకున్న లెక్కల్ని పక్కపక్కన పెట్టి చదవడం తక్కువ సైన్సు అని నేననుకోను.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. గద్దలకు పిల్లలు ఎందుకు పుట్టడంలేదో ఆమెకు పూర్తిగా తెలియదు. డి.డి.టి. తిన్న కౌజుపిట్టల గుడ్లు సరిగా పొదగలేదన్న ప్రయోగాలు చూపి, గద్దలదీ అలాంటి సంగతే అయివుంటుందని రాసింది. అసలు కారణం ఆమె పోయిన తరవాత బయటపడింది. 1967లో ఇంగ్లండులో డెరెక్ రాట్‌క్లిఫ్ మ్యూజియముల్లోని పాత గుడ్ల పెంకుల్ని కొత్త గుడ్ల పెంకులతో తూచి చూశాడు. 1940ల చివరినుంచి పెంకులు పలచబడ్డాయి. మరుసటి ఏడే అమెరికాలో హికీ, ఆండర్సన్‌లు తెల్లతల గద్దలతోసహా వేటపక్షుల్లో అదే చూశారు. డి.డి.టి. ఒంట్లో డి.డి.ఇ.గా మారుతుంది. అది గుడ్డు పెంకు తయారయ్యే గ్రంథికి కాల్షియం అందకుండా చేస్తుంది. తల్లి పొదగడానికి కూర్చోగానే దాని బరువుకే గుడ్డు పగిలిపోతుంది. పిల్లల్ని బతికించుకుందామని కూర్చున్న తల్లి బరువే పిల్లల్ని చంపుతుంది. కల్పించి చెప్పినా ఇంత దారుణంగా చెప్పలేం.

సైలెంట్ స్ప్రింగ్ 1962 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో భాగాలుగా, సెప్టెంబరు 27న పుస్తకంగా వచ్చింది. చివర 50 పేజీలకు పైగా ఆధారాల పట్టికే. కోర్టుకు ఎక్కవలసి వస్తుందని ఆమెకు ముందే తెలుసు. అనుకున్నట్టే ఒక రసాయనాల కంపెనీ ప్రచురణకర్తలకు బెదిరింపు ఉత్తరం పంపింది. ఇంకో కంపెనీ ఆమె పుస్తకాన్ని ఎగతాళి చేస్తూ, మందులు లేకపోతే దేశం పురుగులపాలవుతుందని వ్యాసం వేసింది. పెళ్ళికాని ఆడది, ఉద్రేకపడి రాసింది అన్నవాళ్ళు కొందరు. 1963 ఏప్రిల్‌లో సి.బి.ఎస్. టెలివిజన్‌లో ఆమె గురించి కార్యక్రమం వేస్తామంటే ప్రకటనలిచ్చే ఐదుగురిలో ముగ్గురు తప్పుకున్నారు. అయినా వేశారు. తెరమీద ఆమె నెమ్మదిగా, తొణక్కుండా మాట్లాడింది. చికిత్స వల్ల జుట్టు రాలిపోయి విగ్గు పెట్టుకుని కూర్చుందని చూసేవాళ్ళకు తెలియదు. జబ్బు సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పొక్కితే, మందు కంపెనీల మీద కోపంతో రాసిందంటారని. మే నెలలో అధ్యక్షుడు కెనడీ నియమించిన శాస్త్రవేత్తల సంఘం రిపోర్టు ఆమె మాటల్ని చాలావరకు సమర్థించింది. జూన్‌లో సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పింది. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ రోజుకు డి.డి.టి. వాడకం ఆగలేదు. అంతకు ముందు ఏడు లెక్కల్లో, అలాస్కా కాకుండా మిగిలిన అమెరికా మొత్తంమీద గూళ్ళు కట్టిన తెల్లతల గద్దల జంటలు 417.

మందులు పూర్తిగా మానేయమని ఆమె ఎక్కడా చెప్పలేదు. ఏం చల్లుతున్నారో, దాని ఫలితమేమిటో ప్రజలకు చెప్పకుండా చల్లే హక్కు ఎవరిచ్చారని అడిగింది. పురుగును తినే పురుగులు కూడా చచ్చిపోయి, చంపవలసిన పురుగు మాత్రం మందుకు అలవాటుపడి రెట్టింపై వస్తుందని ఒక అధ్యాయమంతా రాసింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిమీద తెల్లదోమ విరుచుకుపడిన సంగతి మా పెద్దవాళ్ళు చెబుతారు. శనగపచ్చ పురుగుకని కొత్తరకం మందులు మీదమీద కొట్టారు, మిత్రపురుగులు పోయాయి, తెల్లదోమ మిగిలింది. అప్పులు తీరక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పావుశతాబ్దం ముందు ఎక్కడో సముద్రపొడ్డున కూర్చుని ఆమె రాసిన అధ్యాయం మన నల్లరేగడిలో అక్షరం పొల్లుపోకుండా జరిగింది. మందు కొట్టేవాడు గద్దకన్నా ముందే ఆ మెట్లమీద వున్నాడు. ఒట్టి చేతులతో కలిపి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎదురుగాలికి కొట్టేవాడిని ఆమె శత్రువుగా చూడలేదు. అందుకే మొదట అడిగిన ప్రశ్నకు నా మట్టుకు నాకు జవాబు దొరికింది.

ఆమె వల్ల డి.డి.టి. ఆగి మలేరియాతో లక్షలమంది చనిపోయారని వాదించేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. మన దేశం లెక్కలే చూద్దాం. 1953లో జాతీయ మలేరియా నివారణ కార్యక్రమం మొదలైనప్పుడు ఏడాదికి ఏడున్నర కోట్ల కేసులని అంచనా. 1965 నాటికి లక్షకు దిగాయి. 1976లో మళ్ళీ 64 లక్షలకు పైకి ఎగబాకాయి. ఆ మధ్యకాలంలో మనదేశంలో డి.డి.టి.ని ఎవరూ నిషేధించలేదు. నిఘా సడలింది, డబ్బు చాలలేదు, దోమలు మందుకు అలవాటుపడ్డాయి. పొలాల్లో విచ్చలవిడిగా చల్లితే దోమలమీద పనిచేయకుండా పోతుందని హెచ్చరించిన మనిషిని పట్టుకుని ఈ నింద వేయడం న్యాయం కాదు. వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని మనవాళ్ళు 1989లో గాని ఆపలేదు.

అమెరికాలో 1972 జూన్‌లో ఆగింది. ఏడు నెలలు విచారణ జరిపిన అధికారి డి.డి.టి.కే అనుకూలంగా చెప్పాడు. పర్యావరణ సంస్థ అధిపతి రకెల్స్‌హౌస్ దాన్ని తోసిపుచ్చి పంటలమీద వాడకం రద్దుచేశాడు. 1973లో అంతరించే జీవుల రక్షణచట్టం వచ్చింది. 1978లో తెల్లతల గద్దను దాదాపు దేశమంతటా ఆ జాబితాలో చేర్చారు. కాని మందు ఆపినంత మాత్రాన గద్దలు వాటంతటవి పోయినచోటల్లా తిరిగి రాలేదు. న్యూయార్క్ రాష్ట్రమంతా వెతికితే 1970ల మధ్యలో ఒకేఒక్క జంట మిగిలింది, దాని గుడ్లూ నిలిచేవి కావు. అప్పుడు డేగలతో వేటాడే పాతకాలపువాళ్ళ పద్ధతి ఒకటి తీసుకున్నారు. ఇంకా ఎగరలేని పిల్లల్ని వేరే చోట గూళ్ళనుంచి తెచ్చి, సరస్సు పక్కన ఎత్తయిన మంచెమీద బోను గూట్లో పెడతారు. చేపలు వేసే మనిషి వాటికి కనిపించకూడదు. కనిపిస్తే మనిషికి మచ్చికవుతాయి. పన్నెండు వారాలు నిండేసరికి తలుపు తీస్తారు. ఎగరడం, వేటాడడం అవే నేర్చుకుంటాయి. ఎక్కడ మొదటిసారి రెక్క విప్పాయో నాలుగైదేళ్ళ తరవాత గూడు కట్టడానికి ఆ ప్రాంతానికే తిరిగివస్తాయి. 1976 నుంచి 1988 వరకు న్యూయార్క్‌లో ఇలా 198 పిల్లల్ని వదిలారు. వాటిలో ఎక్కువభాగం ఎక్కడివనుకున్నారు? కాళ్ళ జతకు ఇంతని డబ్బిచ్చి చంపించిన అలాస్కావి.

1995లో ప్రమాదస్థాయి ఒక మెట్టు తగ్గించారు. 2007లో 9,789 జంటలున్నాయని లెక్క తేలాక జాబితా నుంచే తీసేశారు. 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం అలాస్కా, హవాయి కాకుండా 71,467 గూళ్ళు, మొత్తం 3,16,700 పక్షులు. 2024 డిసెంబరులో దాన్ని చట్టరీత్యా జాతీయపక్షిగా ప్రకటించారు. 1782 నుంచి ముద్రమీద వున్నా ఆ ముక్క అధికారికంగా కాగితంమీద ఎవరూ రాయలేదట! కథ సుఖాంతమే గాని చిక్కులు పోలేదు. వేటగాళ్ళ తూటాల్లోని సీసం చచ్చిన జంతువుల మాంసంతోబాటు గద్దల కడుపులోకి పోతోంది. 2022లో అచ్చయిన ఒక పరిశోధనలో చూసిన గద్దల్లో దాదాపు సగానికి ఎముకల్లో సీసం పేరుకుని వుంది.

కార్సన్ పుట్టిన పెన్సిల్వేనియాలో 1980 నాటికి మూడు జంటలే వుండేవి. 1983 నుంచి ఏడేళ్ళపాటు కెనడాలోని సస్కాచివాన్ గూళ్ళనుంచి 88 పిల్లల్ని తెచ్చి నదుల ఒడ్డున వదిలారు. 2013లో పిట్స్‌బర్గ్ నగరం లోపలే, నదిపక్కన హేస్ అనేచోట ఒక జంట గూడు కట్టింది. ఆ ఊళ్ళో తెల్లతల గద్ద గూడు కట్టి 150 ఏళ్ళు దాటిందని చెప్పుకున్నారు. ఆ మరుసటి సంవత్సరం ఇంకో జంట అల్లెఘేనీ నది గట్టున, హార్మర్ దగ్గర, వేరే జాతి గద్ద కట్టుకున్న గూటిని ఆక్రమించి గుడ్లు పెట్టింది. ఆ గూటి నుంచి నది వెంట కొద్దిమైళ్ళు ఎగువకు పోతే స్ప్రింగ్‌డేల్ వస్తుంది.